కారులో కూర్చున్న గోల్‌కీపర్

గిరిధర్ కొత్తవాళ్ళకి పేరు చెప్పేలోపే "నాది ఐరన్ లెగ్ అండీ" అని చెప్పేస్తాడు. పోను పోను ఎలాగూ తెలిసిపోయేదే, ముందే చెప్పేయడం మర్యాద కదా అని అతని వాదన. న్యూజిలాండ్‌లోని లోవర్ హట్ ఊరి తెలుగువాళ్ళలో ఈ మాట విననివాళ్ళు లేరు. బార్బెక్యూకి గిరిధర్ వస్తున్నాడంటే మిగతావాళ్ళు గొడుగులు తెచ్చుకుంటారు. అతను ఎక్కిన రైలు వెల్లింగ్టన్ చేరకముందే ఎక్కడో ఓ చోట నిలబడిపోతుంది. ఈ దేశంలో అతను చేరిన మొదటి కంపెనీ ఏడాది తిరక్కుండా మూతపడింది. రెండోది మూతపడలేదు గానీ అతన్ని టెస్టింగ్‌లో వేసింది. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకోవడం అతని పని. "నేను ముట్టుకుంటే చాలు, ఏదైనా పాడైపోతుంది. ఆ పనికి జీతం ఇచ్చే దేశం వెతుక్కుంటూ ఇంత దూరం వచ్చాను" అని తన మీద తనే నవ్వుతాడు.

వినేవాళ్ళు కూడా నవ్వుతారు. వాళ్ళు దాన్ని జోకనుకుంటారు. చిక్కల్లా ఏమిటంటే, గిరిధర్ దాన్ని నమ్ముతాడు.

ఆ నమ్మకం రేపల్లెలో పుట్టింది. అక్కడి హైస్కూల్లో అతను హ్యాండ్‌బాల్ జట్టుకి రెండో గోల్‌కీపరు. రెండో గోల్‌కీపరంటే మొదటివాడికి జ్వరం వచ్చేదాకా బెంచీ మీద కూర్చునేవాడు. ఆ మొదటివాడేమో గుండ్రాయిలా ఉండేవాడు. గిరిధర్ బెంచీ మీద ఉన్న మ్యాచ్‌లన్నీ జట్టు ఓడిపోయింది. అతనికి ఆటలమ్మ పోసి ఇంట్లో వేపాకుల మీద పడుకున్న రోజుల్లో అదే జట్టు వరసపెట్టి గెలిచి జిల్లా ఫైనల్‌కి చేరింది. పీఈటీ రామలింగేశ్వరరావు మాస్టారు ప్రాక్టీసు కూడా రాహుకాలం చూసుకుని మొదలుపెట్టే మనిషి. గుంటూరులో గ్రౌండు ముందు బస్సు ఆగగానే ఆయన గిరిధర్ భుజం మీద చెయ్యి వేసి, "ఒరేయ్ గిరీ, నువ్వు బస్సులోనే కూర్చోరా నాయనా. సామాన్లు చూసుకున్నట్టూ ఉంటుంది" అన్నారు.

గిరిధర్ సామాన్లు చూసుకున్నాడు. జట్టు గెలిచింది.

పార్టీల్లో అతను ఈ కథని ఇక్కడితో ఆపేస్తాడు. అందరూ పొట్ట పట్టుకుని నవ్వుతారు. తిరుగు ప్రయాణం సంగతి మాత్రం ఎవరికీ చెప్పడు. బస్సులో అతను ఒక్కొక్కణ్ణీ పట్టుకుని "ఎలా గెలిచాంరా?" అని అడిగాడు. ఒక్కొక్కడూ ఒక్కో కథ చెప్పాడు. అతను విన్నదల్లా గోడ అవతల నుంచి వచ్చిన కేకలే. ఆఖరి గోల్ ఎవడు కొట్టాడో అతనికి ఈ రోజుకీ సరిగ్గా తెలియదు.

అలాంటివాడికి న్యూజిలాండ్‌లో హ్యాండ్‌బాల్ గురించి మాట్లాడుకోవడానికి తోడు దొరకలేదు. ఇక్కడ ఆ పేరుతో ఉన్నది వేరే ఆట. బళ్ళో పిల్లలు నేల మీద గళ్ళు గీసుకుని టెన్నిస్ బంతిని అరచేత్తో కొట్టుకుంటారు. ఆఫీసులో ఓ కివీ మిత్రుడు "మీ జిల్లాలో దానికి కూడా కప్పులున్నాయా?" అని ఆశ్చర్యపోయాడు. జట్టుకి ఏడుగురు ఉంటారనీ, బంతిని చేత్తో విసిరి గోల్ చేస్తారనీ, గోల్‌కీపరు దాన్ని ఒంటితో ఆపాలనీ గిరిధర్ వివరించాడు. "ఒంటితోనా? ఎందుకూ?" అన్నాడు మిత్రుడు.

కిందటి నవంబరులో ఇంటర్నెట్‌లో ఏదో వెతుకుతుంటే అతనికి యూరప్ మగవాళ్ళ క్లబ్బుల హ్యాండ్‌బాల్ కప్పు ఒకటి తగిలింది. పేరుమోసిన క్లబ్బులు ఆడే కప్పు కాదది. ఎక్కువగా చిన్న ఊళ్ళ జట్లు. లెక్క చాలా సులువు. ఇద్దరికి జత కడతారు, మన ఊళ్ళో ఒక మ్యాచ్, వాళ్ళ ఊళ్ళో ఒక మ్యాచ్. రెండిట్లోనూ కలిపి ఎవరి గోల్స్ ఎక్కువైతే వాళ్ళు పై రౌండుకి, రెండోవాళ్ళు ఇంటికి. అక్కడ శనివారం సాయంత్రం ఆడే ఆట ఇక్కడ ఆదివారం పొద్దున కాఫీ వేళకి వస్తుంది. అలా గిరిధర్ ఆదివారాలు యూరప్‌కి రాసిచ్చేశాడు.

ఊళ్ళ పేర్లు నోరు తిరక్కపోవడంతో జట్లకి తనే పేర్లు పెట్టుకున్నాడు. మొదట మనసు పడింది ఐస్‌లాండ్‌లోని ఓ చేపల రేవు జట్టు మీద. చేపలజట్టు మొదటి మ్యాచ్ గెలిచి, రెండోది ఓడి, మొత్తం మీద ఒక్క గోల్ తేడాతో ఇంటికి పోయింది. "నేను చూడకపోతే గెలిచేవాళ్ళు పాపం" అని గిరిధర్ బాధపడి, వాళ్ళని ఓడించిన పసుపు చొక్కాలవాళ్ళని పట్టుకున్నాడు. గెలిచినవాడి పక్షాన ఉంటే తన లెగ్గు ఏం చేస్తుందో చూద్దామని. ఫిబ్రవరిలో పసుపు చొక్కాలవాళ్ళు ఓడిపోయారు. వాళ్ళని ఓడించిన గడ్డాలజట్టుకి మారాడు. మార్చిలో గడ్డాలజట్టు ఓడిపోయింది. వాళ్ళని ఓడించినవాళ్ళు చారల చొక్కాలవాళ్ళు. గిరిధర్ వాళ్ళ పంచన చేరాడు. ఒక్కడే మనిషి ఒకే కప్పులో ప్రతి రౌండులోనూ ఓడిపోవడం ఆ ఆట చరిత్రలో ఇదే మొదటిసారి అయ్యుంటుందని అతనికి కాస్త గర్వం కూడా కలిగింది.

ఈ గర్వం పంచుకోవడానికి అతనికి మిగిలింది దుర్గేష్ ఒక్కడే. దుర్గేష్ కరీంనగర్ నుంచి చదువుకోవడానికి వచ్చి, ఇప్పుడు ఇక్కడే ఓ సూపర్‌మార్కెట్‌లో మేనేజరుగా చేస్తున్నాడు. అతని ఫ్లాట్‌మేట్‌ది యూరప్‌లో ఎర్ర చొక్కాల జట్టు ఊరు. ఆ స్నేహం కొద్దీ దుర్గేష్ ఎర్రజట్టు మనిషయ్యాడు. సెమీఫైనల్లో చారలవాళ్ళకీ ఎర్రవాళ్ళకీ పడిందని తెలియగానే ఫోన్ చేశాడు.

"అన్నా, నువ్వు చారలోళ్ళనే సపోర్ట్ చెయ్యాలె. గట్టిగ చెయ్యి. మనసు పెట్టి చెయ్యి."

"చేస్తాలేరా. నా పనే అది."

గిరిధర్ మనసు పెట్టి చేశాడు. చారలవాళ్ళు చిత్తుగా ఓడిపోయారు. దుర్గేష్ డబ్బాడు సకినాలు తెచ్చి ఇచ్చి, "నీ మేలు మర్వనన్నా" అని దణ్ణం పెట్టి వెళ్ళాడు.

ఇదంతా నవ్వులాటగానే ఉండేది, అక్షయ లేకపోతే.

అక్షయ గిరిధర్ కూతురు. ఇక్కడే పుట్టింది, ఈ ఏడు పదిహేను నిండాయి. మాటలు ముప్పాతిక ఇంగ్లీషు, తెలుగు అంతా అర్థమవుతుంది. ఫిబ్రవరిలో, ఇక్కడి వేసవి సెలవుల తర్వాత స్నేహితురాలెవరో తీసుకెళితే అమ్మాయిల హ్యాండ్‌బాల్ క్లబ్బులో చేరింది. తండ్రి ఆడిన ఆట పేరు వింటేనే పిల్లలు పారిపోతారు, ఈ పిల్ల వెళ్ళి అందులోనే పడింది. పైగా గోల్‌కీపరు. గోల్‌లో నిలబడటానికి ఎవరూ ముందుకు రాకపోతే తను వచ్చిందట.

"రక్తంలో ఉంది" అన్నాడు గిరిధర్.

"రక్తంలో ఉన్నది గోల్‌కీపింగ్ కాదు, మొహమాటం" అంది నిరుపమ. ఆవిడ అతని భార్య, పసిపిల్లల సెంటర్‌లో టీచరు. రోజంతా మూడేళ్ళవాళ్ళకి సర్దిచెప్పి ఇంటికొచ్చి నలభై దాటినవాడికి సర్దిచెబుతుంది.

అక్షయ మొదటి మ్యాచ్‌కి గిరిధర్ కెమెరా పట్టుకుని హాల్లోకి వెళ్ళాడు. పదకొండు గోల్స్ తేడాతో ఓడిపోయారు. రెండో మ్యాచ్ మొదలయ్యే వేళకి ఆఫీసు నుంచి ఫోన్ వచ్చి కారులోనే ఉండిపోయాడు. గెలిచారు. కాకి వాలడం, తాటిపండు రాలడం. టెస్టింగ్ చేసేవాడికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? మూడో మ్యాచ్ నుంచి ఏ ఫోనూ రాకపోయినా కారులోనే కూర్చున్నాడు. హాలు ఎదుటి పార్కింగ్‌లో హీటర్ వేసుకుని, ఒళ్ళో ఫోన్ పెట్టుకుని పొద్దున చూసిన యూరప్ మ్యాచ్ మళ్ళీ చూసేవాడు. లోపల కేకలు వినిపిస్తే సౌండు తగ్గించి చెవులు రిక్కించేవాడు. ఆ కేకలు ఎవరివో తెలిసేది కాదు. అయినా అక్షయ జట్టు గెలుస్తూనే ఉంది.

మొదట్లో అక్షయ చెమటతో కారెక్కి "నాన్నా, ఆ సేవ్ చూశావా?" అని అడిగేది. "ఎంతకి గెలిచారమ్మా?" అనేవాడు గిరిధర్. తర్వాత తర్వాత ఆ పిల్ల అడగడం మానేసి, కారెక్కగానే స్కోరు చెప్పి చెవుల్లో పాటలు పెట్టుకునేది. గిరిధర్ గమనించాడు. పెద్దపిల్లయింది, మాటలు తగ్గాయి అనుకున్నాడు.

మే నెలలో రెండు ఫైనల్సూ దగ్గరికొచ్చాయి. అక్కడ ఎర్రవాళ్ళకీ నీలంవాళ్ళకీ, ఇక్కడ అక్షయ జట్టుకీ పక్క ఊరు పొరిరువా అమ్మాయిలకీ. వంటింట్లో నిరుపమ చపాతీలు ఒత్తుతూ మామూలుగానే చెప్పింది.

"అది నిన్న ఏమందో తెలుసా? నాన్నకి యూరప్‌లో ముక్కూ మొహం తెలియనివాళ్ళ ఆటే ఆట, మాది కాదు అంది. మీరు లోపలికి రాకపోవడం ఆ ఫోన్ కోసం అనుకుంటోంది."

గిరిధర్ తాగబోతున్న నీళ్ళ గ్లాసు గట్టు మీద పెట్టేశాడు. "మరి నా లెగ్గు సంగతి దానికి తెలుసు కదా? బస్సు కథ వందసార్లు చెప్పాను."

"అది జోకండీ. ఇక్కడ పుట్టిన పిల్లకి మీ లెగ్గూ రాహుకాలం ఏం తెలుస్తాయి? తండ్రి కారులో కూర్చుని వేరేవాళ్ళ ఆట చూస్తున్నాడు. దానికి కనిపించేది అదే."

కూతురు గెలవాలని గిరిధర్ గొంతు నొక్కుకుని కూర్చుంటే, ఆ పిల్ల నాన్నకి తన ఆట అక్కర లేదనుకుంది. చెబుదామంటే ఏమని చెబుతాడు? నాన్న కాలు మంచిది కాదమ్మా అనా? ఇంగ్లీషులో అంటే డాక్టరుకి చూపించమంటుంది.

ఆ వారం యూరప్ ఫైనల్ మొదటి మ్యాచ్ వచ్చింది. గెలిచినవాళ్ళని పట్టుకునే తన పద్ధతి ప్రకారం గిరిధర్ మనసు ఎర్రవాళ్ళ మీద ఉంది. దుర్గేష్‌కి మాత్రం నీలంవాళ్ళ పక్షమని మాటిచ్చాడు. తలుపేసుకుని, దొంగలా ఎర్రవాళ్ళకి చప్పట్లు కొట్టాడు. ఎర్రవాళ్ళు ఏడు గోల్స్ తేడాతో గెలిచారు. గిరిధర్ రెండుసార్లు స్కోరు చూసుకున్నాడు. తను కావాలనుకున్నవాళ్ళు, తను చూస్తుండగా, ఏడు గోల్స్. ముప్పై ఏళ్ళ శని వదిలిందన్నమాట. ఒక్క అంగలో ఇంటి ముందు గదిలోకి వచ్చాడు.

"అక్షూ, నీ ఫైనల్‌కి నేను లోపలికి వస్తున్నాను."

అక్షయ ఫోన్లోంచి తల ఎత్తలేదు. "ఓకే" అంది. కాసేపాగి, "మా గోల్ వెనకాల ఎడం పక్క కూర్చో. అక్కడైతే నాకు కనిపిస్తావు" అంది.

దుర్గేష్ ఫోన్ చేసి "అన్నా, నీ సపోర్ట్ మస్తు పనిజేసింది" అన్నాడు. గిరిధర్ ఆనందం పట్టలేక నిజం చెప్పేశాడు. "నేను సపోర్ట్ చేసింది మీవాళ్ళనేరా. నా లెగ్గు బాగుపడిపోయింది." "గింత పనెందుకు జేసినవన్నా" అన్నాడు దుర్గేష్, ఇంట్లో ఎవరో పోయినట్టు.

ఇల్లలకగానే పండగ కాదని పెద్దలు ఊరికే అనలేదు. తర్వాతి ఆదివారం తెల్లవారుతూనే రెండో మ్యాచ్. ఎర్రవాళ్ళకి చేయాల్సిందల్లా ఏడు గోల్స్ తేడాతో ఓడకుండా ఉండటం. ఎర్రవాళ్ళు ఎనిమిది గోల్స్ తేడాతో ఓడిపోయారు. ఆఖరి గోల్ వాళ్ళ గోల్‌కీపరు కాళ్ళ మధ్య నుంచే వెళ్ళింది. గిరిధర్ లాప్‌టాప్ మూసి, దుర్గేష్‌కి ఫోన్ చేశాడు. స్విచ్ ఆఫ్.

కప్పు మొత్తంలో అయిదు జట్లని వరసగా ముంచినవాడు ఇంకొక్క జట్టుని వదిలిపెడతాడా? ఆ రోజే అక్షయ ఫైనల్. దారిపొడవునా గిరిధర్ స్టీరింగ్ పట్టుకుని ఇదే ఆలోచించాడు. పక్క సీట్లో నిరుపమ ఉంది, వెనక సీట్లో అక్షయ మోకాళ్ళకి పట్టీలు సర్దుకుంటోంది. హాలు ముందు ఆపి, "మీరు పదండి, పార్క్ చేసి వస్తాను" అన్నాడు. అక్షయ దిగుతూ "గోల్ వెనకాల, ఎడం పక్క" అని గుర్తు చేసింది.

పార్క్ చేశాడు. హీటర్ వేసుకున్నాడు. అద్దంలో తన మొహం చూసుకుని, "ఒరేయ్ గిరీ, నువ్వు బస్సులోనే కూర్చోరా నాయనా" అనుకున్నాడు. లోపల విజిల్ వినబడింది. కాలు కింద పెట్టాలని తలుపు తీశాడు, మళ్ళీ వేశాడు. మాట తప్పితే కూతురు ఏమనుకుంటుందో తెలుసు. వెళ్ళి ఓడిస్తే ఏమవుతుందో కూడా తెలుసు. ఈ రెండింటిలో ఏది తక్కువ పాపమో తేలక, రేడియో వింటూ, లైట్లు కూడా ఆర్పకుండా, మొదటి సగమంతా ఆ పాత కారులోనే గడిపేశాడు.

అద్దం మీద ఎవరో వేలితో కొట్టారు. నిరుపమ.

"హాఫ్ టైమ్. ఏడు గోల్స్ వెనకున్నారు."

"ఎవరు?"

"మనవాళ్ళే."

"నేను లోపలికి రాలేదు కదా" అన్నాడు గిరిధర్, ఫిర్యాదు చేస్తున్నట్టు.

"మీరు రాకపోయినా ఓడిపోతున్నారు. అవతలి పిల్లలు బాగా ఆడుతున్నారండీ, అంతే. లోకంలో ఎవరైనా ఓడిపోవాలంటే మీ పర్మిషన్ తీసుకోవాలా? అంత శక్తే మీకుంటే ప్రమోషన్ ఎప్పుడో వచ్చేది." ఆవిడ గొంతు మారింది. "కుర్చీ మీద జాకెట్ వేసి పెట్టింది మీకోసం, ఇప్పుడు గోల్ మారితే దాన్నీ మార్చింది. ఎవరెవరో వచ్చి ఖాళీయేనా అని అడుగుతున్నారు. వస్తున్నారు, వస్తున్నారు అని చెప్పలేక చస్తున్నాను."

గిరిధర్ దిగాడు. ఇన్నేళ్ళ టెస్టింగులో ఇంత పెద్ద తప్పు అతనికి దొరకలేదు. తను లేకుండానే జట్టు ఓడిపోతోంది. తన కాలికి అంత సీను లేదు. ఆ సంగతికి ఊరట కలగాలి గానీ, కాస్త చిన్నతనంగా కూడా అనిపించింది.

గోల్ వెనకాల, ఎడం పక్క, నీలం జాకెట్ కప్పుకుని ఓ కుర్చీ ఉంది. చుట్టూ జనం. అదొక్కటే ఖాళీ. గిరిధర్ జాకెట్ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అక్షయ గోల్‌లోకి వచ్చి, వెనక్కి తిరిగి చూసింది. నవ్వలేదు. తల ఒకసారి ఊపి, అటు తిరిగి చేతులు చాపి నిలబడింది.

ఆ తర్వాత అద్భుతాలేమీ జరగలేదు. పొరిరువా అమ్మాయిలు కొడుతూనే ఉన్నారు. బంతి అక్షయ భుజానికి తగిలింది, తొడకి తగిలింది, ఓసారి మొహానికి తగిలింది. గిరిధర్ లేచి నిలబడి, రేపల్లె భాషలో ఏదో అరిచాడు. పక్కనున్న మావోరీ పెద్దావిడ అతని మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. చివర్లో ఓ పెనాల్టీ. ఎదుటి జట్టు పొడుగు పిల్లకీ అక్షయకీ మధ్య ఎవరూ లేరు. ఆ పిల్ల విసిరింది. అక్షయ కుడికి కదిలి, అంతలో ఎడమ కాలు బారుగా చాచింది. బంతి మడమకి తగిలి బయటికి పోయింది. కేకలు ఎవరివో ఈసారి అతనికి స్పష్టంగా తెలుసు. అన్నిటికన్నా పెద్దది తనదే.

తొమ్మిది గోల్స్ తేడాతో ఓడిపోయారు.

ముగ్గురూ కారెక్కారు. అక్షయ ముందు సీట్లో కూర్చుంది, ఎర్రగా కందిన బుగ్గ మీద ఐసు పెట్టుకుని. గిరిధర్ తాళం చెవి చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు.

"నాన్నా, ఆ పెనాల్టీ చూశావా?"

"చూశాను. కుడికి దూకబోతున్నట్టు నటించి, ఆ పొడుగుపిల్లని బోల్తా కొట్టించి, ఎడమ కాలు చాచావు. అంత గొప్ప నటన యూరప్‌వాళ్ళ దగ్గర కూడా చూడలేదు నేను."

అక్షయ పెదవి కొరుక్కుంది. తర్వాత గొంతు తగ్గించి, "యాక్టింగ్ కాదు నాన్నా. జారిపోయాను. ఫ్లోర్ వెట్‌గా ఉంది. కోచ్ కూడా స్కిల్ అనుకుంటోంది. ఎవరికీ చెప్పకు" అంది.

గిరిధర్‌కి నవ్వు తన్నుకొచ్చింది. అక్షయ కూడా నవ్వడం మొదలుపెట్టి, బుగ్గ నొప్పికి ఆపుకుంది. ఇది అతను ఎవర్నీ అడిగి తెలుసుకున్నది కాదు, కళ్ళతో చూసింది. తప్పుగా చూసినా, చూసింది. అతనికి చాలా సంతోషమేసింది.

"నెక్స్ట్ సీజన్ కూడా ఆ చెయిర్ నీదే" అంది అక్షయ.

"మళ్ళీ ఓడిపోతేనో?"

"ఎలాగూ ఓడిపోతాం నాన్నా. చూడ్డానికి మనవాళ్ళుంటే బెటర్ కదా."

గిరిధర్ తాళం తిప్పాడు. కారు ఒకసారి మూలిగి ఆగిపోయింది. మళ్ళీ తిప్పాడు. ఈసారి ఆ మూలుగు కూడా లేదు. తల్లీకూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని, అతని నోటి నుంచి రాబోయే ఆ ఒక్క మాట కోసం ఎదురుచూశారు.

"హీటర్, రేడియో, లైట్లు అన్నీ వేసుకుని కూర్చున్నా కదా, బ్యాటరీ అయిపోయింది" అన్నాడు గిరిధర్. "ఉండండి, లోపల ఎవరి దగ్గరైనా జంపర్ కేబుల్ ఉందేమో అడిగొస్తాను."

అని దిగి, మళ్ళీ హాల్లోకి నడిచాడు.